బస్తీ అంతటికీ ఒకే అమ్మ పేరు

మీరు చదవబోయేది మామూలు సంగతి కాదు. సముద్రం దాటి వచ్చిన మాట, ఇద్దరు తల్లులు, రెండు దేశాల కాగితాలు, ఒక ఆడమనిషి మొండిపట్టు అన్నీ ఉన్న మహాగాథ. మొదలుపెడితే తెల్లారిపోతుంది.

నిజానికి అంత లేదు. పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో ఐదు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటరు, అందులో పనిచేసేవి నాలుగు. జరిగింది పట్టపగలు. మొత్తం చెప్పడానికి ఒక చాయ్ సరిపోతుంది.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఎప్పుడూ లేదు. ఆ రోజుల్లో నేను డయలప్ కనెక్షన్‌నే నమ్మేవాణ్ణి కాదు, అది కనీసం చప్పుడైనా చేసేది. మా నాన్న ఆఫీసు ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి అక్కడ అద్దెకు దిగారు. మా ఇంట్లో జాతకాలు కూడా టీవీ బాగా రానప్పుడే చూసేవాళ్ళం.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, నేను జహంగీర్ భాయ్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. అప్పట్లో మా బస్తీలో ఈమెయిల్ ఉండటం వేరు, దాన్ని తెరవడం రావడం వేరు. మొదటిది అందరికీ కావాలి. రెండోది మా ఇద్దరికే వచ్చు. మెయిలు, చాటింగు, రైలు టికెట్లు, ఉద్యోగాలు, పెళ్ళి సంబంధాలు, గల్ఫ్ ఏజెన్సీలు అని ఒక్కో మనిషికి నాలుగైదు సైట్లలో ఖాతాలు ఉండేవి. మనుషులేమో రెండు వందల దాకా. అన్నిటినీ నడిపేది మేమే.

ఇన్ని ఖాతాలు గుర్తుండాలంటే ఒక పద్ధతి ఉండాలి. జహంగీర్ భాయ్‌కి ఉంది. పాస్‌వర్డ్ అంటే మనిషి పేరు, దాని వెనకాల భాయ్ స్కూటర్ నంబరు. అన్ని సైట్లకూ అదే. పాస్‌వర్డ్ మరిచిపోతే సైటు వాళ్ళు అడగడానికి ఒక రహస్య ప్రశ్న ఉంటుంది కదా, అక్కడ ఎప్పుడూ ‘మీ అమ్మ పేరు ఏమిటి?’ అన్నదే ఎంచుకునేవాడు. జవాబు దగ్గర మాత్రం, ఖాతా ఎవరిదైనా సరే, తన సొంత తల్లి పేరు కొట్టేవాడు. జుబేదా బేగం.

“అందరి అమ్మల పేర్లు యాద్ పెట్టుకోవాల్నంటే నేను రేషన్ ఆఫీసుల కూసోవాలె. గిదైతే ఫికర్ లేదు” అనేవాడు.

ఆ విధంగా, ఇంటర్నెట్ లెక్క ప్రకారం, కిరాణా కొట్టు శంకరయ్య, చర్చి పాస్టరుగారు, అత్తరు అమ్మే హాజీ సాబ్, మా నాన్న అందరూ జుబేదా బేగం కన్నబిడ్డలే. మత సామరస్యం మీద నేను చాలా ఉపన్యాసాలు విన్నాను. ఇంత తక్కువ ఖర్చులో సాధించినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. కస్టమర్లకు ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

సునీత అక్క మా పాత కస్టమరు. పత్తర్‌గట్టి దుకాణాలకు చీరల ఫాల్స్ కుట్టేది. భర్త ప్రభుదాస్ గల్ఫ్‌లో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. వెళ్ళేముందు ఆయన మెయిలూ, చాటింగూ, ఏజెన్సీ సైటులో ఖాతా, అన్నీ జహంగీర్ భాయే తెరిచి, పాస్‌వర్డ్ కంఠతా పట్టించి పంపాడు. అక్క తర్వాత కిషన్‌బాగ్‌కి ఇల్లు మారింది. అయినా ప్రతి శుక్రవారం ఆటో ఎక్కి మా సెంటరుకే వచ్చేది.

“అక్కా, మీ మెయిలు కిషన్‌బాగ్‌లో కూడా తెరుచుకుంటుంది” అని ఒకసారి చెప్పాను.

నన్ను దొంగను చూసినట్టు చూసింది. “గట్లెట్లయితది తమ్మీ? నా ఖాతా ఈడుంటే ఆడోళ్ళెట్ల తెరుస్తరు?”

ఆమె ఒక్కతే కాదు, అందరూ అంతే. బ్యాంకులాగే ఏ బ్రాంచిలో తెరిస్తే ఆ బ్రాంచికే రావాలనుకునేవాళ్ళు. జహంగీర్ భాయ్ ఎవరి అనుమానాన్నీ తీర్చేవాడు కాదు. ఎందుకు తీరుస్తాడు?

గల్ఫ్‌లో చర్చి కూడా శుక్రవారమే. ప్రార్థన అయ్యాక ప్రభుదాస్ అక్కడి నెట్ సెంటరులో చాటింగుకి వచ్చేవాడు. ఇక్కడ సరిగ్గా జుమ్మా నమాజు వేళ. భాయ్ షట్టర్ సగం దించి మసీదుకు వెళ్ళేవాడు. లోపల నేనూ, అక్కా. ఆమె చెప్పేది, నేను తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాణ్ణి. ఆయన జవాబు చదివి వినిపించేవాణ్ణి. “ముద్దు గిట్ల పెట్టిండా?” అని ఆమె అడిగితే, “లేదక్కా, కూర ఏం వండావని అడిగాడు” అనేవాణ్ణి. ఎప్పుడూ కూరే అడిగేవాడు. అంతటి శృంగార పురుషుడు.

ఆ ఎండాకాలం ఒక శుక్రవారం ఆయన రాలేదు. మరుసటి శుక్రవారమూ రాలేదు. మూడోది కూడా అయ్యాక అక్క ఏజెంటు దగ్గరికి వెళ్ళింది. కంపెనీ వాళ్ళు ‘పరారీ’ అని రాసుకున్నారట. పని వదిలేసి ఎటో పోయాడని.

“పారిపోయిండంటున్రు తమ్మీ” అంది కుర్చీలో కూర్చుంటూ. “మా పక్కింటామె అంటది, ఆడ ఇంకొకతి దొరికిందేమో, సూస్కో అని.”

“బావకు ఇంకొకతిని పోషించేంత ఓపికెక్కడుందక్కా?” అన్నాను. నవ్వలేదు. ఆమెకు తెలియాల్సింది ఒకటే, ఆయన తనను వదిలిపోయాడా లేదా. బతికున్నాడా అన్న ప్రశ్న ఆమె నోట ఇంకా రాలేదు.

ఆ తర్వాతి శుక్రవారం వచ్చింది. భాయ్ మసీదుకు వెళ్ళాడు. ఒకటో నంబరు కంప్యూటరులో అక్క ఖాతా తెరిచాను. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత ప్రభుదాస్ పేరు పక్కనున్న బూడిదరంగు బొమ్మ పసుపు రంగుకి మారింది. అంటే మనిషి లైనులోకి వచ్చినట్టు.

అక్క నా భుజం మీద గట్టిగా కొట్టింది. “వచ్చిండు! అడుగు, యాడ సచ్చినవని అడుగు!”

ఆ మాట అలాగే కొట్టాను.

జవాబు కాసేపటి తర్వాత వచ్చింది. ‘అమ్మ పేరు తప్పు ఉంది.’

“ఏ అమ్మ? ఏం పేరు?” అంది అక్క. “తాగిండా ఏంది? యాడున్నవో చెప్పుమను.”

‘మా అమ్మ మాణిక్యమ్మ. సరి చెయ్యమను.’

“అవును, మా అత్త మాణిక్యమ్మనే. సచ్చి పదేండ్లాయె. గిప్పుడు గదెందుకు?” ఆమె నా వైపు తిరిగింది. “తిన్నవా అని అడుగు తమ్మీ. పానం మంచిగుందా అని అడుగు.”

అడిగాను. ‘చలి మస్తుంది’ అని వచ్చింది.

మే నెల. ఆ దేశంలో ఎండకు రోడ్డు కరుగుతుందని ప్రతి మెయిలులో ఏడ్చే మనిషి. “బావకు ఏసీ గది దొరికినట్టుందక్కా” అన్నాను. ఆ జోకుకి ఆమె కొంచెం నవ్వింది కూడా.

నాకు మాత్రం నవ్వు ఆగిపోయింది. అమ్మ పేరు తప్పు. ఆ ఖాతా వెనక జుబేదా బేగం పేరు ఉందని ఆయనకెలా తెలుసు?

ఎవడో ఆయన పాస్‌వర్డ్ దొంగిలించి ఆడుకుంటున్నాడని అనుకున్నాను. దానికి మందు నాకు తెలుసు. చాటింగులో ఒక ఖాతా ఒకేసారి రెండు చోట్ల ఉండదు. ఇక్కడ మేం తెరిస్తే అక్కడ వాడేవాణ్ణి బయటికి నెట్టేస్తుంది. లేచి పక్కనున్న రెండో కంప్యూటరులో ప్రభుదాస్ పేరూ, స్కూటర్ నంబరూ కొట్టాను. తెరుచుకుంది. ఇప్పుడు ప్రభుదాస్ అంటే నేనే. నిర్ధారణకు ఒక చుక్క కొట్టి పంపాను. అక్క తెరమీద చుక్క పడింది. ఇక అక్కడున్నవాడెవడైనా సరే బయటపడిపోయి ఉండాలి.

రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒడిలో పెట్టుకున్నాను. ఇది బాగా గుర్తు.

“తమ్మీ, మళ్ళ ఏదో వచ్చింది, సదువు” అంది అక్క.

ఒకటో కంప్యూటరు తెర మీద, నేను కొట్టిన చుక్క కింద, ప్రభుదాస్ పేరుతో ఇంకో వరస ఉంది. ‘నన్ను ఎవరో అనుకుంటున్రు. మాణిక్యమ్మ కొడుకునని చెప్పు.’

నా ముందున్న తెర మీద, అదే ఖాతాలో, ఆ వరస లేదు. నా చుక్క ఒక్కటే ఉంది.

చదివి వినిపించాను. అక్క ఇంకేదో అడగమంది, అడిగాను. మళ్ళీ జవాబు రాలేదు. ఆ తర్వాత ఆ ఖాతా నుంచి ఎవరూ ఏమీ పంపలేదు.

జహంగీర్ భాయ్ నమాజు నుంచి వచ్చి టోపీ తీస్తూ విన్నాడు. ముందు నవ్వాడు. “అరె మియా, పొద్దుగాల నాష్తా చేసినవా లేదా?” తర్వాత అమ్మ పేరు మాట విన్నాడు. నవ్వు పోయి కూర్చున్నాడు.

“ఏజెన్సీ సైటుల కూడా గదే కొట్టిన” అన్నాడు మెల్లగా. “తల్లి పేరు నింపందే ముందుకు పోతలేకుండె. ప్రభుదాస్ చాయ్ తాగనీకి పోయిండు. చెయ్యి అలవాటుల కొట్టేసిన. గా వివరాలే కంపెనీకి పోయినయి.”

“గదైతే ఏమైతది భాయ్?” అంది అక్క.

భాయ్ టోపీ మళ్ళీ పెట్టుకుని, ఆమెను స్కూటరు మీద ఎక్కించుకుని ఏజెంటు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పెద్ద లొల్లి చేశాడట. తప్పు నాది, సరి చేసి కంపెనీకి పంపు, పంపేదాకా ఇక్కణ్ణుంచి కదలను అని బల్ల మీదే కూర్చున్నాడట. వాళ్ళు పంపారు.

కబురు మరుసటి వారం వచ్చింది. ప్రభుదాస్ రాకుండా పోయిన మొదటి శుక్రవారం కంటే ముందే, ఎండలో రోడ్డు మీద కూలిపోయాడు. గుండె. జేబులో పాస్‌పోర్టు నకలు తప్ప ఏమీ లేదు. ఆసుపత్రి వాళ్ళు కంపెనీని అడిగారు. నకలులో తల్లి మాణిక్యమ్మ. కంపెనీ ఫైలులో తల్లి జుబేదా బేగం. ఈ ప్రభుదాస్ మా ప్రభుదాస్ కాదు అన్నారు కంపెనీ వాళ్ళు. తమ ప్రభుదాస్‌ను పరారీలో రాసుకున్నారు. ఎవరికీ చెందని ప్రభుదాస్ ఇన్ని వారాలుగా శవాగారంలో ఉన్నాడు.

చలి సంగతి అప్పుడు అర్థమైంది. నా జోకు కూడా.

అక్క ఏడవడానికి ముందు ఒక మాట అంది. “అయితే పారిపోలె.” ఆ మాటను మళ్ళీ అంది, పక్కింటామెకు వినిపించేలా. ఆ తర్వాత ఏడ్చింది.

పెట్టె వచ్చింది. పాతిపెట్టారు. జహంగీర్ భాయ్ దూరంగా సమాధుల తోట గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆయన వేరే పని చెయ్యలేదు. ఒక్కొక్కరినీ పిలిచి, “మీ అమ్మ పేరేంది?” అని అడిగి, ప్రతి సైటులోనూ మార్చాడు. శంకరయ్య వెంటనే చెప్పాడు. హాజీ సాబ్ చాలాసేపు ఆలోచించి, మేం ఆమెను అమ్మీ అనేవాళ్ళం, అంతే తెలుసు అన్నాడు. అనాథాశ్రమంలో పెరిగిన ఆటో డ్రైవరు ఒకతను మాత్రం, ఇప్పటిదాకా ఎవరి పేరుందో అడిగి తెలుసుకుని, “నాకు గామెనే ఉండనియ్యి భాయ్” అన్నాడు. ఉంచాడు.

నేను నాకు చేతనైన వివరణలన్నీ వెతికాను. సర్వర్లు ఆ కాలంలో మాటలను ఆలస్యంగా అందించేవి, కాబట్టి చివరి వరస ముందే బయలుదేరి ఉండొచ్చు. ఒప్పుకుంటాను. తోటి పనివాడెవడో చావు కబురు చెప్పలేక ఇలా చెప్పి ఉండొచ్చు. ప్రభుదాస్ గదిలో ఉండే మనిషి తర్వాత సెలవు మీద వచ్చాడు, నిర్మల్ వైపు వాడు. కంప్యూటరు ముట్టుకోవడం రాదన్నాడు. ప్రభుదాస్ పారిపోయాడనే గదివాళ్ళు కూడా నమ్మారట. తల్లి పేరు కలవలేదన్న సంగతి కంపెనీ గుమాస్తాకు తెలుసు, కాని ఆయనకు తెలుగు రాదు, స్కూటర్ నంబరు అసలే రాదు. ఎటు తిప్పినా ఒక ముక్క మిగులుతుంది. దయ్యాలను మాత్రం నమ్మను. నమ్మితే ఆయన ఇన్ని వారాలూ ఆ చలి తెలుస్తూనే పడుకున్నాడని కూడా నమ్మాలి.

పాతిపెట్టిన నలభయ్యో రోజు, చర్చిలో కూడిక ప్రార్థన అయ్యాక అక్క సెంటరుకు వచ్చింది. శుక్రవారం కాదు.

“ఆయనకు చెప్పినవా తమ్మీ, పేరు సరి చేసినమని?”

“లేదక్కా.”

“చెప్పు.”

కొట్టాను. ‘పేరు సరి చేసినం. నువ్వు ఇంటికొచ్చినవు. ఫికర్ చెయ్యకు.’ కింద ఎప్పుడూ వచ్చే వాక్యం వచ్చింది. ఈ వ్యక్తి ఇప్పుడు లైనులో లేరు, వచ్చినప్పుడు మీ సందేశం అందుతుంది. అదీ చదివి వినిపించాను. అక్క తల ఊపి, కొంగుతో తెర మీది దుమ్ము తుడిచి వెళ్ళిపోయింది.

అందిందో లేదో చూడాలంటే ఆయన పేరుతో నేను లోపలికి వెళ్ళాలి. వెళ్ళలేదు. సెంటరు మూతపడ్డాక, చాలాకాలం తర్వాత, ఒకసారి ప్రయత్నించాను. ఉచిత ఖాతాలను కొన్ని నెలలు తెరవకపోతే వాళ్ళే తీసేస్తారు. ఆ పేరు ఇప్పుడు ఖాళీగా ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు.