ఉడుమలైపేటలో ఎద్దు పరీక్ష

ఉడుమలైపేట దగ్గర టీ తాగుతున్నాను. తలపాగా పెద్దాయన ఒకరు, మట్టిదారుల వేషం వేసుకున్న నా కొత్త స్క్రాంబ్లర్ బైకు చుట్టూ సంతలో ఎద్దును చూసినట్టు తిరిగారు. సీటు మీద చరిచారు. తమిళంలో ఏదో అడగబోయి, నంబరు ప్లేటు చూసి తెలుగులోకి మారారు.

"చేలోకి దిగుతాదా, తంబీ?"

"ఎక్కడికైనా! రెండు సిలిండర్లు, తాతా."

వంగి చూశారు. "ఒకటి ముందుకి వాలుండాది, ఒకటి వెనక్కి. జోడి కుదరలే. ఇది రోడ్డుకే."

నాకు రోషం వచ్చింది. టీకొట్టు పక్కనే ఆయన దున్నిపెట్టుకున్న తడి నల్లరేగట్లోకే బండిని దూకించాను. పదడుగుల్లో ఇరుసు దాకా దిగబడింది.

పెద్దాయన నడిచొచ్చారు. నా వైపు చూడనైనా లేదు. హెడ్‌లైటు నిమిరి, "నీ తప్పేముండాది, సామీ? బండెద్దును దుక్కికి తోలినోణ్ణి అనాల" అన్నారు.