గోడ అవతలి మగ్గం

2023 వేసవి. మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, కుమఠా నాకా దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసి, అనుమతులు తెప్పించడం నా పని. అందులో గీసేది సగం కూడా ఉండదు. మున్సిపల్ ఆఫీసు బెంచీ మీద కూర్చోవడమే ఎక్కువ. ఆ బెంచీ అంటేనే విరక్తి పుట్టించిన ఫైలు నర్సయ్య కాకది.

కాక చేనేత మగ్గం నేసేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. మంచి ముహూర్తం ఉందని, అనుమతి రాకముందే, పక్కింటితో కలిసిన గోడ ఒక్కటి మిగిల్చి పాత ఇల్లు పడగొట్టించాడు! ఇక్కడి మా తెలుగువాళ్లందరిదీ ఇదే తొందర. మగ్గం విప్పి మూటగట్టుకొని హోట్గి రోడ్డులో ఒక అద్దెగదికి చేరాడు.

కొత్త ఇంటికి సైడ్ మార్జిన్ వదలాలి. అంటే పక్కింటికీ మనకూ మధ్య కాస్త ఖాళీ జాగా. కాక ససేమిరా అన్నాడు. ఆయనకూ పక్కింటి రాజేశానికీ ఏళ్లుగా ఒకటే గోడ, మా ప్లాన్ల భాషలో కామన్ వాల్. దానికి అటొక మగ్గం, ఇటొక మగ్గం. ఒకరి మగ్గం చప్పుడు ఆగితే చాలు, రెండోవాడు పోగును అటూ ఇటూ నడిపే నాడెతో గోడ మీద కొట్టి కేకేసేవాడు: "ఏందిరా, పోగు తెగిందా?" రోజంతా ఇద్దరికీ అదే కాలక్షేపం.

"ఖాళీ వదిలితే ఈ వారమే పర్మిషన్ తెస్తా కాకా" అన్నాను.

"జాగ ఇడిస్తే వాని మగ్గం నాకెట్ల వినవడ్తది బిడ్డా? గంత ఇంట్ల నేనొక్కన్నే ఏం జెయ్యాలె?"

గోడ ఉమ్మడిగానే ఉండనిచ్చే సమ్మతి కాగితం మీద రాజేశం వెంటనే సంతకం పెట్టాడు. "జల్ది కట్టియ్ సారూ. వాడు పోయినకాడికెళ్లి నా మగ్గం ఆగినా అడిగేటోడు లేడు" అన్నాడు.

కామన్ వాల్ అంటే ఫైలు పెద్దసారు దాకా వెళ్లాలి. ఆయన సెలవు పెట్టాడు, తర్వాత బదిలీ అయ్యాడు. కొత్తాయన సీట్లో కనిపించేవాడే కాదు. ఎప్పుడు వెళ్లినా గుమాస్తాది ఒకటే మరాఠీ మాట: "ఉద్యా యా", రేపు రండి. ఒళ్లు మండిపోయేది. "ఆ రేపు ఏ నెలలో వస్తుందయ్యా?" అని ఒకరోజు అరిచాను కూడా. ఆయన తల ఎత్తలేదు. వానలు వచ్చి పోయాయి. కాక వారం వారం వచ్చి, రాజేశం గుమ్మంలో కాసేపు కూర్చొని వెళ్లేవాడు.

దసరా తర్వాత రాజేశం ఛాతీనొప్పితో పోయాడు. కొడుకు మగ్గం అమ్మేసి, ఆ గదిని గోదాముకు అద్దెకిచ్చాడు. అనుమతి వచ్చింది ఆ తర్వాతే.

కాగితం కాక చేతిలో పెట్టాను. "ఖాళీ వదిలి కడదామా కాకా? గాలన్నా వస్తుంది" అన్నాను.

"వద్దు బిడ్డా. వాడు సంతకం వెట్టింది ఈ గోడకే గదా."

ఆ గోడకే ఆనించి ఇల్లు కట్టాం. ఆలస్యమంటే సిమెంటు ధర పెరగడం, వానకు పని ఆగిపోవడం అనుకునేవాణ్ణి. ఇప్పుడు ప్లాన్ గీసేముందు, గోడ అవతల ఎవరుంటారని కూడా అడుగుతున్నాను.

గృహప్రవేశమైన కొన్నాళ్లకు అటు వెళ్లాను. లోపల మగ్గం ఆడుతోంది. నేను చెప్పులు విడుస్తుండగా చప్పుడు ఆగింది. కాక గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నాకు దుఃఖం వచ్చింది.

"ఏంది కాకా, పోగు తెగిందా?" అన్నాను గుమ్మంలోంచే.

కాక ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

"తెగలే బిడ్డా. ఎవలన్న అడుగుతరేమోనని ఊకెనే ఆపిన."