గంజి బోగాణి బోర్లించిన రోజు

నా చిన్నప్పుడు నేను పెంచినన్ని పురుగులను ఎమ్మిగనూరులో ఇంకెవరూ పెంచి ఉండరు. గొప్పగా చెప్పుకునే సంగతి కాదిది. ఇప్పుడు అరవై ఆరేళ్లు వచ్చి, ఆదోనిలో మా అమ్మాయి వంటింట్లో నిలబడి ఉన్నా సరే, ఆ వాసన తలపుకొస్తే నా ముక్కు దానంతటదే ముడుచుకుంటుంది.

మాది నేతపని చేసే ఇల్లు. నాన్న మగ్గం మీద, అమ్మ రాట్నం మీద, నేను ఎప్పుడూ పరధ్యానం మీద. పది పన్నెండు రోజులకొకసారి మా ఇంటి ముందు పడుగుకు గంజి పెట్టేవాళ్లు. చీరలకు నిలువుగా వచ్చే దారాలను తెల్లవారుతుండగానే వీధి పొడుగునా లాగి కట్టి, నూకల గంజిలో పెద్ద కుంచెలు ముంచి, ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వేవాళ్లు. అది ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు వచ్చి చెయ్యి వేయాలి, ఎండ ముదరకముందే ముగించాలి. ఆలస్యమైతే దువ్వకముందే గంజి ఆరిపోయి దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ తర్వాత మగ్గం మీద అవి తెగని పూట ఉండదు.

అంత పెద్ద పనిలో నా వాటా చాలా చిన్నది. అంతా అయ్యాక గంజి పోసిన సత్తు బోగాణిని కడిగి పెట్టాలి. ఎనిమిదేళ్ల పిల్లకు అదేమంత పని అని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లోవాళ్లూ అదే అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను, అందుకే నా మీద నాకే అంత అసహ్యం వేసేది.

ఆ రోజు చీకటితో లేచాను, బడికి పోయాను, వచ్చి నూలును కండెలకు చుట్టాను, నీళ్లు మోశాను. సాయంత్రం పెరట్లో బోగాణి కనబడింది. అడుగున నాలుగు వేళ్ల మందాన గంజి మిగిలి ఉంది. కడగాలని పీచు కోసం లోపలికి పోయాను. పీచు దొరికేలోపల ఇంకేదో దొరికింది. అదేమిటో ఇప్పుడు గుర్తులేదు, అప్పుడు మాత్రం గంజి గుర్తులేదు.

మూడోనాడు గుర్తొచ్చింది. పోయి చూస్తే పుల్లటి కంపు, పైన బూజు మీగడలా కట్టి ఉంది. రేపు కడుగుదాంలే అని పైన మూత పెట్టాను. మరునాడు మూత ఎత్తాలంటే అసహ్యం. ఆ మరునాడు అసహ్యానికి తోడు భయం. ఈగలు ముసురుతున్నాయని మూత మీద రాయి కూడా పెట్టాను. ఒక్కరోజు పని పదిరోజుల్లో కొండంత అయింది. దాని పక్కనుంచి పోవాల్సి వస్తే తల తిప్పుకుని పోయేదాన్ని. ఆ తిప్పుకోవడం మాత్రం ఒక్కరోజు కూడా మరచిపోలేదు.

మళ్లీ గంజి పెట్టే రోజు వచ్చింది. అమ్మకు విపరీతమైన పడిశెం, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. మసకచీకట్లో రాయీ మూతా తీసి, నేను కడిగే ఉంటానన్న నమ్మకంతో కాగిన గంజిని అందులోనే పోసి బయటికి తెచ్చింది. వాసన రాగానే వీధిలో అందరూ మోరీ కాలువ వైపు చూశారు. నాన్న మాత్రం అప్పటికే కుంచె ముంచి పడుగు మీద ఒక బారెడు దువ్వేశాడు. దారాలకు అంటుకున్నవాటిని మొదట మెతుకులనుకున్నాడు. నూకల గంజిలో అంత పొడుగు మెతుకులుండవు.

పక్కింటి పెద్దమ్మ ముక్కు మీద కొంగేసుకుని, "ఏమప్పా, ఈసారి పడుగుకు మాంసం పులుసు పెడ్తాండారా?" అంది. ఎవరో నవ్వారు, ఎవరో కక్కుకోవడానికి పక్కకు పోయారు. నాన్న కుంచె కింద పడేశాడు.

"యాడ సచ్చింది అది? ఇంగ దీనికి ఏ పనీ సెప్పొద్దండి. కండె గూడా ముట్టనీయొద్దు!"

మా వీధిలో తిట్లకు ఎవరూ భయపడరు. పని చెప్పొద్దు అనడమే పెద్ద శిక్ష. పని చెప్పని పిల్ల ఆ ఇంట్లో ఉన్నా లేనట్టే. నేను తలుపు చాటున నిలబడి, ఆ పురుగుల్లో ఒకదాన్ని అయిపోతే బాగుండునని అనుకున్నాను.

మా జేజి, అంటే నాన్న తల్లి, బిందె తెచ్చి ఆ బారెడు పడుగును నీళ్లతో జాడించింది. పెద్దమ్మ ఎంత ఎగతాళి చేసినా, తమ ఇంట్లో రేపటికని ఉంచుకున్న గంజి కుండ తెచ్చి ఇచ్చింది. ఎండ ఎక్కుతుండగా పని ముగిసింది. ఆ బారెడు మేర మాత్రం దారాలు అక్కడక్కడ అతుక్కున్నాయి. అక్కడ తెగినప్పుడల్లా మగ్గం గుంతలోంచి నాన్న మూలుగు చాలా రోజులు వినబడింది.

అందరూ పోయాక జేజి నన్ను బోగాణి దగ్గరికి తీసుకుపోయింది. నాలుకతో నాకించి కడిగిస్తుందనుకున్నాను. ఆమె నా పక్కన చతికిలబడి, తన కొంగు సగం నా ముక్కుకు అడ్డం పెట్టింది.

"ఒంచు" అంది.

పెంటదిబ్బ మీద ఒంచాను. వచ్చిందాన్ని చూసి ఇద్దరమూ ఒకేసారి "థూ" అన్నాం.

"బోర్లించు."

బోర్లించి పీచు కోసం లేచాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఈపొద్దు వద్దు పాపా. నీకు సత్తువ లేదు, నాకూ లేదు. కడగలేనిపొద్దు ఒంచి బోర్లించు, సాలు. బోర్లించిన దాంట్లో ఏదీ పుట్టదు. మూత మాత్రం పెట్టొద్దు మే. మూత పెడితే అది పోదు, పెరుగుతాది."

అప్పుడు చుట్టూ చూశాను. జేజి తాగే చెంబు బోర్లించి ఉంది. రోకలి పక్కన చాట బోర్లించి ఉంది. పాలకుండ, గంప, ఆఖరికి ఆమె కూర్చునే పీట కూడా బోర్లించే ఉన్నాయి. అదంతా ముసలితనపు చాదస్తమని మేం నవ్వుకునేవాళ్లం.

"నేనూ నీ మాదిరే" అంది నెమ్మదిగా. "అత్తగారింట్లో నాలుగు కుండలు కుళ్లబెట్టినంక తెలిసొచ్చింది."

మరునాటికి బోగాణి లోపలిదంతా ఎండి పెచ్చులు కట్టింది. బూడిద వేసి రుద్దితే క్షణంలో వదిలింది. తర్వాతిసారి గంజి పెట్టేటప్పుడు అందరూ చూస్తుండగా జేజి నన్నే పిలిచి, "బోగాణి తే పో" అంది. నాన్న దాన్ని అందుకుని, లోపలికి తొంగిచూసి, వాసన కూడా చూశాడు. నా చేతికి చిన్న కుంచె ఒకటి ఇచ్చాడు.

పోయిన ఏడాది మా మనవరాలికి ధ్యాస నిలవడం లేదని కర్నూలులో డాక్టరమ్మకు చూపించారు. ఆమె ఏడీహెచ్‌డీ అంది. దాని తీరు విడమరచి చెబుతుంటే మా అమ్మాయి పాప వైపు చూడటం మానేసి నా వైపు చూడసాగింది. మా వీధిలో నాకు పెట్టిన పేర్లతో పోలిస్తే అది ఎంతో మర్యాదగల పేరు. పేరు ఆలస్యంగా వచ్చింది, మందు మాత్రం దాదాపు అరవై ఏళ్ల కిందటే జేజి చేతి మీదుగా కొంత అందింది. సగం రోజులు దాన్ని వేసుకోవడం మరచిపోయాను, అది వేరే సంగతి.

ఈ మధ్య పాప బడిసంచిలోంచి అదే పాత కంపు వచ్చింది. అడుగున టిఫిన్ డబ్బా, అందులో నాలుగు రోజుల పెరుగన్నం పచ్చటి నూగుతో ఉంది. పాప మొహం చూడగానే ఆ డబ్బా మీద ఎన్ని మూతలున్నాయో నాకు అర్థమైంది. ఇద్దరమూ ముక్కులు మూసుకుని ఒంచాం, "థూ" అన్నాం, బోర్లించాం. నా పురుగుల కథ విని అది పొట్ట పట్టుకుని నవ్వింది.

నిన్న సాయంత్రం కాళ్లు లాగుతూ, బుర్ర పనిచేయక వంటింట్లోకి పోయాను. గట్టు మీద పాప డబ్బా ఉంది. కడగలేదు, అంచున మెతుకులు అంటుకునే ఉన్నాయి. కానీ బోర్లించి ఉంది. నేనూ కడగలేదు. నా పాలగిన్నెను ఒంచి, దాని పక్కనే బోర్లించాను.