సబ్బుతో కడిగిన కోడి

పక్కింటావిడ బట్టలు నానబెడితే ఆ సబ్బు వాసన గోడ దాటి మా వంటింట్లోకి వస్తుంది. ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు మండుతుంది.

ఇల్లందులో మా ఇల్లు బొగ్గుబాయికి దగ్గర. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన దుప్పట్లు, చిక్కుడు పందిరి, మూత పెట్టని అన్నం, అన్నిటి మీదా నల్లటి దుమ్మే. నాయనమ్మ నా పేరున పెంచిన తెల్లకోడి బూడిద రంగులోనే తిరిగేది. చలికాలం పొద్దున్నే అది ఈకలన్నీ పొంగించి బంతిలా కూర్చుంటే నేను బడికి వెళ్లేముందు కొంకర్లు పోయిన వేళ్లు ఆ ఈకల అడుక్కి దూర్చేదాన్ని. పైన మంచు తడి, లోపల మాత్రం పొయ్యి పక్కన కూర్చున్నంత వెచ్చన. తోక మొదట్లోని జిడ్డును ముక్కుతో తీసి ఈక ఈకకూ పూసుకునేది. వాన చుక్కలు దాని మీద నిలిచేవి కావు.

చర్చిలో కోతల పండుగకు ఇంటింటి నుంచీ గుమ్మడికాయో, వడ్లో, కోడో తెచ్చి వేలం వేస్తారు. ముందటేడు మా పుంజును చూసి సంఘ పెద్ద అందరిలో నవ్వాడు.

"బొగ్గుబాయిలకెల్లి పట్టుకొచ్చిండ్రా ఏంది?"

ఆ మాట మా మేనత్త మరిచిపోలేదు. ఈసారి తెల్లకోడి వంతు. నేను ఏడిస్తే నాయనమ్మ, వేలంలో మనమే పాడుకుని ఇంటికి తెచ్చుకుందామని మాటిచ్చింది. పండుగ ముందురోజు సాయంత్రం అత్త దాన్ని తొట్టిలో కూర్చోబెట్టి, బట్టల సబ్బు రుద్ది రుద్ది కడిగి, మల్లెపూవంత తెల్లగా చేసి గంప కింద మూసింది.

తెల్లారేసరికి మంచు కురుస్తోంది. గంప ఎత్తితే ఈకలు తడిగుడ్డలా ఒంటికి అంటుకుపోయి, కింది ఎర్రటి చర్మం కనబడుతోంది. ఎంత ప్రయత్నించినా అది ఈకలు పొంగించలేకపోయింది. నా గౌనులో చుట్టుకున్నాను. అక్కడే ప్రాణం పోయింది.

"సబ్బు వెట్టి తోమితివా? ఈకల నూనె పాయె, ఇగ చలికి ఏం కప్పుకుంటదే అది?" అని నాయనమ్మ అత్త మీద విరుచుకుపడింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చర్చి గుమ్మంలో మా ఖాళీ చేతులు చూసి సంఘ పెద్ద, "ఈ యేడు ఏం తేలేదా?" అన్నాడు.

"తెద్దామనే కడిగినం. సచ్చింది," అంది నాయనమ్మ.

ఇప్పుడు మా వీధిలో కోళ్లు పెంచేవాళ్లే లేరు. షాపులో ఈక లేకుండా, తెల్లగా, సంఘ పెద్దలకు నచ్చేంత శుభ్రంగా దొరుకుతున్నాయి. దుమ్ము అలాగే పడుతోంది. దాన్ని రేపేవాళ్లను కడుక్కోమని ఆనాడూ ఎవరూ అనలేదు, ఈనాడూ అనరు. కడగాల్సి వచ్చింది నా కోడినే.