ఓసాకా తాడు

వారం రోజులు ఓసాకా చూసొచ్చినవాడు జపాన్ గురించి ఎంత మాట్లాడగలడో మా మేనేజరును చూశాకే నాకు తెలిసింది. హైదరాబాదు మనిషి. ఆక్లాండ్‌లోని హాబ్సన్‌విల్‌లో కొత్త ఇల్లు, ఇంటి ముందు రెండు కార్లు. ఫ్యాక్టరీలో కివీలందరూ, అదే న్యూజిలాండ్ వాళ్ళు, ఆయన్ను పేరు పెట్టి పిలిస్తే పళ్ళికిలిస్తాడు. తెలుగుదాన్ని కాబట్టి నేను మాత్రం సర్ అనాలి. ఒకసారి మరిచిపోతే సాయంత్రం దాకా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

మాది ఆక్లాండ్ శివార్లలో చిన్న ఫ్యాక్టరీ. పాలు పితికే యంత్రాల్లో పెట్టే సెన్సర్లు చేసేవాళ్ళం. పామర్‌స్టన్ నార్త్‌లో చదువు ముగించుకుని నేను అక్కడ క్వాలిటీ ఇంజనీరుగా చేరాను. ఈ దేశంలోనే ఉండిపోవడానికి రెసిడెన్సీకి అప్లై చేసి ఉన్నాను. ఆ ఉద్యోగం ఉంటేనే అది వస్తుంది, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. ఆ సంగతి నాకంటే బాగా గుర్తుపెట్టుకున్నది మా మేనేజరే.

ఓసాకాలోని ఒక పరిశోధన సంస్థ మా సెన్సర్లు కొనే ఆలోచనలో ఉందని కబురొచ్చింది. అక్కడ ఊళ్ళకు ఊళ్ళే ఫ్యాక్టరీలట, వాటిని ఆనుకునే ల్యాబులట. బేరం మాట్లాడటానికి వెళ్ళిన ఈ మహానుభావుడు నాలుగు చోట్ల తిరిగి, వచ్చీ రాగానే మాకు జపాన్ నేర్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే కార్ పార్కులో వ్యాయామం. చలికి వణుకుతూ మేము చేతులు పైకెత్తుతుంటే ఎదురు షెడ్డువాళ్ళు కాఫీ కప్పులతో బయటికొచ్చి వేడుక చూసేవాళ్ళు. తర్వాత పసుపు టేపు. ప్రతి వస్తువు చుట్టూ ఒక గీత, పక్కన దాని పేరు. స్క్రూడ్రైవరుకు వేశారంటే అర్థముంది. టీ గదిలో కెటిల్‌కూ, చివరికి నా టిఫిన్ డబ్బాకూ వేయించాడు! డబ్బా గీత దాటిందని నాకొక క్లాసు. ఏం చదివాడో, ఎవరు పాస్ చేశారో.

అన్నిటికంటే పెద్ద సోకు ఆ తాడు. ఓసాకా ఫ్యాక్టరీల్లో సరుకు తయారయ్యే లైనులో, కదిలే బెల్టు పైన ఒక తాడు వేలాడుతుందట. సరుకులో తేడా కనిపిస్తే పనిచేసేవాళ్ళెవరైనా దాన్ని లాగొచ్చు. లైను ఆగుతుంది, బల్బు వెలుగుతుంది, పైవాడు పరుగెత్తుకొచ్చి ముందు థాంక్స్ చెప్పి, ఆ తర్వాతే ఏమైందని అడుగుతాడు. తాడు లాగని రోజుంటే ఏదో దాస్తున్నారని అనుమానిస్తారట. ఇదంతా వీడియో తీసుకొచ్చి మాకు చూపించాడు. నిజం చెప్పాలంటే ఆ ఒక్కటి నాకు నచ్చింది. సెన్సర్లలో రబ్బరు వాషర్లు సరిగ్గా కూర్చోవడం లేదు, సందులోంచి లోపలికి నీళ్ళు పోతున్నాయి అని నేను ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నాను. ఇకనైనా ఆపి సరిచేయొచ్చనుకున్నాను.

మర్నాడే ఎర్ర తాడు కట్టించాడు, దాని పైన ఎర్ర బల్బు. "వైరింగ్ ఎవరు చేశారు సర్?" అని అడిగాను.

"వైరింగ్ ఎందుకమ్మా? ఇప్పుడు ఎలక్ట్రీషియన్ని పిలిస్తే లేటయితది. ఓసాకా వాళ్ళొచ్చినప్పుడు తాడు కనిపిస్తే చాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మానికి కట్టే తోరణం అనుకున్నాడు కాబోలు.

కొన్నాళ్ళకు ఓసాకా నుంచి ఆ సంస్థ ఇంజనీరు వచ్చింది. తల నెరిసిన, మెత్తగా మాట్లాడే పెద్దావిడ. మావాడు నడుము విరిగేలా వంగి దణ్ణాలు పెట్టాడు. ఆవిడ కాస్త తల వంచి, నేరుగా బెల్టు దగ్గరికొచ్చి, "దీన్ని చివరిసారి ఎప్పుడు లాగారు?" అని ఇంగ్లీషులో నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నాడు. "ఒక్కసారి కూడా లాగలేదు మేడమ్! మా దగ్గర ప్రాబ్లమ్సే ఉండవు!"

ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు. తను తీసిన వీడియో తనే సరిగ్గా వినలేదు, దద్దమ్మ! ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. బెల్టు మీంచి ఒక సెన్సర్ తీసి తిప్పి చూసింది. వాషర్ పక్కకి జరిగి ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి, "ప్లీజ్, లాగండి" అంది.

ఆయన నవ్వు చెదరనివ్వకుండా, ఆవిడకు అర్థం కాని తెలుగులో నాతో అన్నాడు: "ముట్టకు. నీ రెసిడెన్సీ నా లెటర్ మీదనే ఉన్నది, యాదుంచుకో."

భయమేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ నవ్వు ముఖం చూస్తుంటే భయాన్ని మించి అసహ్యం పుట్టుకొచ్చింది. లాగాను.

బెల్టు ఆగలేదు. బల్బు వెలగలేదు. వంకర వాషర్లతో సెన్సర్లు మా ముందునుంచి వెళ్ళి పెట్టెలో పడుతూనే ఉన్నాయి. ఆవిడ బల్బు వైపు చూస్తూ ఓపిగ్గా నిలబడింది. మావాడి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. చివరికి గోడ దగ్గరున్న స్విచ్ కట్టేయడానికి పరుగెత్తాడు. ఆ ఫ్యాక్టరీలో పైవాడు పరుగెత్తడం నేను చూసింది అదొక్కసారే.

లైను ఆగాక ఆవిడ నా వైపు తల వంచి "థాంక్యూ" అంది.

ఆర్డరు రాలేదు. దాని మీదే ఆశపెట్టుకున్న లైను మూసేశారు, నా ఉద్యోగం పోయింది, రెసిడెన్సీ అటకెక్కింది. నేను ఫ్లాట్‌లో పెట్టె సర్దుకుంటుంటే ఆయన ఫోన్ చేశాడు.

"ఒక్క తాడు లాగి అందరి నోట్ల మట్టి కొట్టినవ్ గదమ్మా!"

ఈసారి కావాలనే సర్ అనలేదు. కివీల్లాగే పేరు పెట్టి పిలిచి చెప్పాను. "ఆ తాడుకు వైరు వేయించి ఉంటే, ఆ రోజు లైను ఒక్కటే ఆగేది."