యాదయ్యకు రాసిచ్చిన చీటీ

ఈ రోజు నారాయణగూడలోని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి యాదయ్య వచ్చాడు. పాలమూరు మనిషి, చిక్కడపల్లిలో అపార్ట్‌మెంట్ కట్టే చోట కూలీ. తల ఎత్తితే లోకం గిర్రున తిరుగుతోందట. తాగొస్తున్నాడని మేస్త్రీ పనిలోంచి తీసేశాడు.

తల పక్కకు తిప్పి బల్లమీద వెనక్కి పడుకోబెట్టగానే అతని కనుగుడ్లు గిలగిలా కొట్టుకున్నాయి. జబ్బు లోపలి చెవిది. తలను ఒక్కో వైపు కాసేపు ఉంచి, మెల్లగా తిప్పి, లేపి కూర్చోబెట్టాను. కొంతసేపటికి గోడ పట్టుకోకుండా నడిచాడు.

"తాగలేదని జర రాసియ్యి సారు."

"మేస్త్రీ నమ్ముతాడా?"

"మేస్త్రీకి గాదు, నా బిడ్డకు. తెలుగుల రాయి, సదువుకుంటది."

పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. అతను లోపలికొస్తూ గుమ్మంలో తూలినప్పుడు ముందు నేనూ తాగాడేమోనని వాసనే చూశానని మాత్రం అందులో రాయలేదు. మీరైతే రాసేవారా?