సెల్లులు తీసిన కెమెరా

మా నాయనకు సెల్లుల మీద మహా ప్రేమ. టార్చిలైటు పని అయిపోగానే వాటిని బయటికి తీసి, తుండుగుడ్డతో తుడిచి గూట్లో పెట్టేవాడు. రేడియోకూ అదే మర్యాద. లోపలే వదిలేస్తే అవి కారిపోయి వస్తువు చెడిపోతుందని ఆయన భయం. నీరసపడిన సెల్లులను పెనుకొండలో మా ఇంటి పిట్టగోడ మీద ఎండబెట్టేవాడు. తొంభైలలో మా వీధిలో చాలామంది అంతే.

రెండువేలు దాటిన కొన్నేళ్లకు హిందూపురంలో ఉద్యోగం వచ్చి, ఒక డిజిటల్ కెమెరా కొన్నాను. ఆదివారం బస్సెక్కి ఇంటికొచ్చి ఫొటోలు తీసేవాణ్ణి. నేను అన్నం తిని చెయ్యి కడుక్కునేలోగా నాయన దాని కడుపు ఖాళీ చేసేవాడు. మళ్లీ సెల్లులు వేస్తే తెర మీద రెండువేలో సంవత్సరం, జనవరి ఒకటి.

"నాయనా, సెల్లులు తీస్తే అది తేదీ మర్చిపోతాది" అని విసుక్కునేవాణ్ణి.

"మర్చిపోతే మనం చెప్పల్లప్పా. గోడకు క్యాలెండరు ఉండాది కదా" అనేవాడు.

తేదీ సరిచేయడానికి ఏడెనిమిది నొక్కులు నొక్కాలి. బద్ధకించి వదిలేసేవాణ్ణి. హిందూపురంలో ఇంటర్నెట్ సెంటరు నడిపే ఆయన ఒకసారి విడమరిచి చెప్పాడు. "దానికి తేదీ యాడ తెలుస్తాదబ్బా? ఒక మొదటి రోజు పెట్టుకొని, ఆడినుంచి సెకన్లు లెక్కేసుకుంటా పోతాది. సెల్లులు తీస్తే లెక్క పోతాది. మళ్లా ఆ మొదటి రోజుకే వస్తాది."

తర్వాత నాయన జబ్బుపడి కన్నుమూశాడు. అమ్మ ఒకటే అడిగింది. "ఆయప్పను ఆఖరున తీసిన ఫొటో పటం కట్టించు. చివరికి ఎట్లుండెనో అట్లే చూసుకోవాల."

కంప్యూటర్‌లో ఫొటోలన్నీ తేదీల వరసన పేర్చమన్నాను. అన్నీ జనవరి ఒకటే. ధర్మవరంలో చెల్లెలి పెళ్లి, పెనుకొండ కొండెక్కిన రోజు, చేటలో చెనక్కాయలు ఒలిచే అవ్వ, అంతా ఒక్క పూటలో. అవ్వ పోయాక పుట్టిన చెల్లెలి బిడ్డ అవ్వకంటే పది నిమిషాలు ముందున్నాడు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కెమెరా ఫొటోలకిచ్చే నంబర్లు చూద్దామంటే, స్టూడియోలో కార్డు ఖాళీ చేయించినప్పుడల్లా అవీ ఒకటి నుంచే మొదలయ్యాయి. చనిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకున్నాను. సిగ్గులేకుండా ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

నాయన ఉన్నవన్నీ ప్రింటు వేయించి ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ చాప మీద పరిచి, ఒక్కొక్కటే కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. అరుగు మీద కూర్చుని నాయన నవ్వుతున్న ఫొటో దగ్గర ఆగింది.

"ఇదే" అంది.

"ఎట్ల చెప్తాండావు మా?"

"వాచీ బెల్టు చూడు, కొస ఎంత బయటికొచ్చిందో. ఉన్న బొక్కలు చాలక నేనే మేకు కాల్చి ఇంకొకటి పొడిచినా. ఆస్పత్రికి పోయే ముందు వారం. చెయ్యి అంత సన్నబడిండె."

ఆ ఫొటో తీసింది నేనే. ఆయనకు రెండు బారల దూరంలో నిలబడి, తేదీ మళ్లీ పోగొట్టాడని గొణుక్కుంటూ తీశాను. ఆ చెయ్యి నాకు కనపడలేదు.